ఎంఎస్‌కు సిరల చికిత్స: నాకు దక్కిన ఐదు నెలలు

మీ అన్నయ్యకు ఎంఎస్ (మల్టిపుల్ స్క్లెరోసిస్ అనే నరాల జబ్బు) ఉందని, మెడ సిరల్లో బెలూన్ వేయిస్తే జీవితం బాగుపడుతుందా అని అడిగారు. నేను 2011లో చేయించుకున్నాను.

మెదడు నుంచి రక్తాన్ని దించే సిరలు సన్నబడటమే ఎంఎస్‌కు మూలమని ఇటలీ డాక్టర్ పావోలో జాంబోని వాదించారు. ఆయన 2009లో ఫలితాలు ప్రచురించాక మాలాంటి వాళ్లకు ప్రాణం లేచొచ్చింది. నాకు గజ్జ దగ్గర నుంచి సన్నటి గొట్టం పంపి, మెడ సిరలో బెలూన్ ఉబ్బించారు. మర్నాడే చేతులు వెచ్చబడ్డాయి. తలలో మబ్బు విడిపోయినట్టు అనిపించింది. మధ్యాహ్నం నడుం వాల్చకుండా సాయంత్రం దాకా కూర్చోగలిగాను. అది నా భ్రమ అని ఎవరైనా అంటే ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

మూడో నెల నుంచి అలసట మళ్లీ మొదలైంది. ఐదో నెలకు అంతా మునుపటిలాగే. పైగా, నయమైపోయిందన్న ధైర్యంతో ఎంఎస్‌కు వాడే ఇంజెక్షన్లు ఆపేశాను. ఏడో నెలలో ఎంఎస్ తిరగబెట్టి ఎడమ కాలు పట్టు తప్పింది. ఆ కాలు పూర్తిగా కోలుకోలేదు. నేను చేసిన పెద్ద తప్పు అదే.

తర్వాత కెనడాలో 104 మందిపై పరీక్ష చేశారు. కొందరికి నిజంగా బెలూన్ వేశారు, మిగతావాళ్లకు వేసినట్టు నటించారు. ఎవరికి ఏది చేశారో వాళ్లకు తెలియదు. 48 వారాల తర్వాత జీవన నాణ్యత స్కోర్లలో రెండు గుంపులకూ తేడా లేదు. జాంబోని స్వయంగా నడిపిన పరీక్షలోనూ లాభం కనపడలేదని 2017లో వచ్చింది. అది చదివి చాలాసేపు ఏడ్చాను. ఈ చికిత్సలో స్టెంట్ (సిర మూసుకుపోకుండా పెట్టే చిన్న జాలీ గొట్టం) జారిపోవడం, రక్తం గడ్డకట్టడం, మరణాలు కూడా జరిగాయని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2012లోనే హెచ్చరించింది.

నా జీవితాన్ని నిజంగా మార్చింది మూత్రాశయానికి ఇచ్చిన మందు. రాత్రి నాలుగైదుసార్లు లేవాల్సి వచ్చేది. ఆ సంగతి సిగ్గుపడి డాక్టర్‌కు ఏళ్ల తరబడి చెప్పలేదు. మందు వాడాక నిద్ర పట్టింది, పగటి అలసట సగం తగ్గింది. తర్వాత డిప్రెషన్‌కు చికిత్స, ఫిజియోథెరపీ. ఇవేవీ ఎంఎస్‌ను తీసేయలేదు, కానీ ఐదు నెలలకే ఆగిపోలేదు కూడా.

మీ అన్నయ్య రాత్రి ఎన్నిసార్లు లేస్తున్నారో ఒకసారి అడగండి. ఇప్పుడు వాడుతున్న మందులు మాత్రం న్యూరాలజిస్ట్‌ను అడగకుండా ఆపనివ్వకండి.