రిమ్ము కొనే ముందు టైరు విప్పించండి

సైకిల్ సందేహాలు: పాఠకుల ఉత్తరాలకు హనుమకొండ మెకానిక్ జవాబులు

ప్రశ్న: అన్నా, నాది 27.5 అంగుళాల చక్రాల ఎంటీబీ (కొండబాటల సైకిల్), డిస్క్ బ్రేకులు. ఆదివారాలు నర్సంపేట నుంచి పాకాల చెరువు దాకా పోయి, అక్కడ అడవి పక్క మొరం బాటల్లో తొక్కుతాను. నా బరువు 78 కిలోలు. వెనక రిమ్ము ఎన్నిసార్లు బెండు తీయించినా నెల తిరక్కుండానే మళ్లీ వంకర పోతోంది. షాపులో మూడు రకాలు చూపించారు. సింగిల్ వాల్ 700, డబుల్ వాల్ 1,600, విదేశీ కంపెనీది 6,500. ఏది ఎక్కువ కాలం వస్తుంది? దేనికి పెడితే డబ్బు దండగ కాదు?
– డిగ్రీ విద్యార్థి, నర్సంపేట

జవాబు: తమ్ముడూ, మూడింట్లో నడిమిది తీసుకో. కానీ అంతకంటే ముందు, పాతది ఎందుకు వంకర పోతోందో తేలాలి. అది తేలకుండా 6,500ది వేయించినా మళ్లీ బెండు తీయించడానికే తిరుగుతావు.

సైకిలెక్కి కూర్చుంటే బరువులో సగానికి పైగా వెనక చక్రమే మోస్తుంది. దానికి తోడు కుడివైపు గేర్ల పళ్లకు చోటు వదలాలి కాబట్టి, అటు స్పోకులు నిటారుగా, గట్టి బిగువుతో ఉంటాయి. ఎడమవైపువి ఏటవాలుగా, తక్కువ బిగువుతో ఉంటాయి. చవక సైకిళ్లకు మిషన్ మీద కట్టి పంపే చక్రాల్లో చాలావాటికి మొత్తం టెన్షనే, అంటే స్పోకుల బిగువే తక్కువ. గుంతలో పడ్డప్పుడు ఆ ఎడమ స్పోకులు ఒక్క క్షణం పూర్తిగా సడలిపోతాయి. స్పోకు కొసను రిమ్ముకు బిగించే చిన్న నట్టు, నిప్పల్, కాస్త తిరుగుతుంది. తర్వాతి గుంతలో ఇంకాస్త. చివరికి రిమ్మును పక్కలకు పోకుండా పట్టుకునేది ఏమీ మిగలదు. మనం తప్పంతా రిమ్ముదే అనుకుంటాం.

ఇంట్లోనే ఒక పరీక్ష చెయ్యి. సైకిల్ తలకిందులు పెట్టి, ఒకే వైపు స్పోకులను ఏకతార మీటినట్టు గోటితో వరసగా మీటుకుంటూ పో. ఒక వైపువన్నీ దాదాపు ఒకే శ్రుతిలో పలకాలి. కుడివైపు శ్రుతి హెచ్చుగా, ఎడమవైపు తగ్గుగా ఉండటం మామూలే. అన్నీ ఒకేలా మందంగా పలికితే రిమ్ము మంచిదే, టెన్షన్ చాలడం లేదు. టెన్షన్ మీటరున్న మెకానిక్ దగ్గరకు తీసుకెళ్లి బిగించమను. కుడివైపు 100 నుంచి 120 కిలోల బిగువు మామూలుగా పడుతుంది. రిమ్ము కంపెనీ ఇంతకంటే తక్కువ పరిమితి రాసి ఉంటే ఆ మాటే వినాలి. బిగించాక ప్రతి జత స్పోకులనూ చేత్తో గట్టిగా నొక్కి, సర్దుకోనిచ్చి, మళ్లీ చూడాలి. ఈ పని చేయకుండా ఇచ్చిన చక్రం మొదటి ప్రయాణంలోనే టింగు టింగుమని సడలుతుంది.

రెండో రకం లోపం ఇంకోటి ఉంది. చక్రం తిప్పి చూస్తే తిన్నగానే ఉంటుంది, కానీ ఒకచోట ఒక స్పోకు తెగేంత బిగువుగా, పక్కనున్నది చేతికి ఊగేలా ఉంటుంది. అంటే అక్కడ రిమ్ము లోహమే వంగింది, స్పోకులతో బలవంతంగా లాగి తిన్నగా నిలబెట్టారు. నెల నెలా వంకర పోతోందంటే నీది ఇదే అయ్యుంటుందని నా అనుమానం. అలాంటి రిమ్మును మార్చాల్సిందే.

ఇక కొనడం. స్టిక్కరు మీద ‘6061 అల్లాయ్’ అని ఉంటే మురిసిపోకు. అది లోహం రకం మాత్రమే, గోడ ఎంత మందమో చెప్పదు. టేపు లేని రిమ్మును చేతిలోకి తీసుకుని లోపలివైపు చూడు. స్పోకు రంధ్రం ఒకే రేకులో ఉండి, నిప్పల్ తల అక్కడే కూర్చునేలా ఉంటే సింగిల్ వాల్. పైన పెద్ద రంధ్రం, దాని అడుగున ఇంకో గోడకు చిన్న రంధ్రం కనిపిస్తే డబుల్ వాల్. రెండు గోడల మధ్య డొల్ల ఉంటుంది కాబట్టే అది తేలిగ్గా వంగదు. రాళ్లబాటలో 78 కిలోల మనిషికి సింగిల్ వాల్ పనికిరాదు. ఈ విషయంలో నేను మొహమాటపడను.

తర్వాత అతుకు. వాల్వు రంధ్రానికి సరిగ్గా ఎదురుగా ఉంటుంది. అక్కడ గోరు పెట్టి అడ్డంగా గీకు. గోరు తట్టుకుంటే రెండు కొసలు సరిగ్గా కలవలేదని అర్థం. వెల్డింగ్ చేసి అరగదీసినది మేలు. లోపల పిన్నులు దించి కలిపినదైనా కొసలు సమంగా ఉంటే నీ డిస్క్ బ్రేకుకు ఇబ్బంది లేదు. స్పోకు రంధ్రాలకు స్టీలు కళ్లు, అంటే అంచున దించిన చిన్న రింగులు, ఉంటే మంచిదే. లేకపోయినా కంగారు లేదు, మంచి రిమ్ములకు ఆ చోట గోడే మందంగా పోస్తారు.

కొలతలు మాత్రం కళ్లతో చదివి తీసుకో, మాట మీద వదలొద్దు. టైరు కూర్చునే చోట రిమ్ము వ్యాసం మిల్లీమీటర్లలో రాసి ఉంటుంది, నీకు కావలసింది 584. 26 సైజుకు 559, 29కి 622. ఆ అంకె పక్కనే లోపలి వెడల్పు ఉంటుంది. 2.2 అంగుళాల వెడల్పు టైరుకు 25 మిల్లీమీటర్లు హాయిగా సరిపోతుంది. చవకవాటిలో 19 కూడా వస్తుంది, దానిమీద లావు టైరు మలుపుల్లో పక్కకు దొర్లుతుంది. స్పోకు రంధ్రాల సంఖ్య చక్రం నడుమ ఉండే నీ హబ్బుతో కలవాలి. 32 హబ్బుకు 36 రిమ్ము తెచ్చి తలపట్టుకున్నవాళ్లు మా షాపుకు వస్తూనే ఉంటారు. దొరికితే తూకం కూడా వేయించు. ఈ సైజులో డబుల్ వాల్ రిమ్ము 450 నుంచి 600 గ్రాముల మధ్య ఉంటే నమ్మకం. 400 దగ్గరున్నవి రేసులవాళ్లకు.

డబ్బు లెక్క ఇక్కడే తేలుతుంది. షాపువాళ్లు చెప్పింది రిమ్ము ధర ఒక్కటే. రిమ్ము లోతు మారితే పాత స్పోకుల పొడవు కలవదు, 32 కొత్త స్టెయిన్‌లెస్ స్పోకులు కొనాలి, కట్టే కూలి ఇవ్వాలి. ఆ ఖర్చు 700దానికైనా 6,500దానికైనా ఒకటే. 700ది ఆరు నెలల్లో పోతే అదంతా మళ్లీ మొదలు. 6,500దానిలో నిజంగా మంచి పనితనం ఉంటుంది, ట్యూబ్‌లెస్‌కు గాడి సరిగ్గా కుదురుతుంది. కానీ నువ్వు గుట్టల మీంచి దూకేవాడివి కాదు, నీ హబ్బు కూడా ఆ స్థాయిది అయ్యుండదు. మిగిలిన డబ్బులో కొంత మంచి స్పోకులకు, మంచి చేతికి పెట్టు.

గాలి సంగతి కూడా చెప్పాలి. ట్యూబుకు పక్కపక్కనే రెండు చిల్లులు పడుతున్నాయంటే గాలి తక్కువై రాయి రిమ్ము అంచుకే తగులుతోంది. నీ బరువుకు వెనక చక్రానికి 35 పీఎస్‌ఐ (గాలి ఒత్తిడి కొలత) దగ్గర మొదలుపెట్టు, ముందు చక్రానికి మూడు నాలుగు తగ్గించు. మీటరున్న పంపుతో చూడు, బొటనవేలితో నొక్కి చూస్తే తెలియదు.

ప్రశ్న: సెకండ్ హ్యాండ్ కార్బన్ ఫైబర్ వీల్ సెట్ (చక్రాల జత) తక్కువలో వస్తోంది. గీతలు తప్ప ఏమీ లేవంటున్నారు. కొనొచ్చా?
– కరీంనగర్ పాఠకుడు

జవాబు: వద్దండి. అల్యూమినియం దెబ్బ తింటే సొట్ట కనిపిస్తుంది, చిన్నదైతే సరిచేసి నడిపించొచ్చు. కార్బన్ లోపల పొరలు విడిపోయినా పైకి గీతలాగే ఉండొచ్చు. వేలితో తట్టి చప్పుడు వింటే తేలిపోతుందనే మాట నమ్మకండి. కంపెనీ వారంటీ కూడా చాలావరకు మొదటి కొనుగోలుదారుకే. ఆ డబ్బుకు కొత్త అల్యూమినియం చక్రాలు చేయించుకోవచ్చు.

పాత అల్యూమినియం రిమ్ము కొన్నా సరే, ప్రతి స్పోకు రంధ్రం చుట్టూ టార్చి వేసి చూడండి. నల్ల రిమ్ము మీద వెంట్రుకంత తెల్లగీత రంధ్రం అంచు నుంచి బయల్దేరి ఉంటే అది చీలిక. రంధ్రం చుట్టూ లోహం కాస్త ఉబ్బినా అదే లెక్క. ఎంత తక్కువకిచ్చినా తీసుకోకండి.

ప్రశ్న: నేను ములుగు దగ్గర టీచర్‌ని. రోజూ సైకిల్ మీదే బడికి వెళ్తాను. బ్రేకులు రిమ్మును పట్టుకునే రకం. వానాకాలం తర్వాత బ్రేకు వేస్తే గరగరమంటోంది, రిమ్ము పక్కలు లోపలికి అరిగినట్టున్నాయి. ప్రమాదమా?

జవాబు: ప్రమాదమే మేడమ్, దీన్ని వాయిదా వేయకండి. తడిసిన మట్టిలోని ఇసుక బ్రేకు రబ్బరుకు, రిమ్ముకు మధ్య చేరి ఆకురాయిలా రాకుతుంది. గోడ పల్చబడ్డాక లోపలి ట్యూబు గాలికే అది విచ్చుకుని పగిలిపోతుంది. అది మీరు తొక్కుతుండగానే కావచ్చు.

ఒక స్టీలు స్కేలు అంచును రిమ్ము పక్కకు ఆనించండి. మధ్యలో వెలుతురు కనిపిస్తే గోడ గుంట పడింది. చాలా రిమ్ములకు బ్రేకు పడేచోట సన్నని గాడి గానీ చుక్కంత గుంట గానీ ఉంటుంది. అది అరిగి మాయమైతే రిమ్ము గడువు తీరినట్టే. వేరే చక్రం వేయించేదాకా ఆ సైకిల్ ఎక్కకండి.

ఇంకా అరగకపోతే బ్రేకు రబ్బర్లు విప్పి చూడండి. మెరిసే లోహపు ముక్కలు దిగి ఉంటాయి. గుండుసూదితో వాటిని పీకేసి, రబ్బరు ముఖాన్ని ఉప్పు కాగితంతో రుద్దండి. వానలో వచ్చిన రోజు ఇల్లు చేరగానే రిమ్మును తడిగుడ్డతో తుడవండి.

కొత్తది కొనాల్సి వస్తే ‘రిమ్ము బ్రేకుకు కావాలి’ అని గట్టిగా చెప్పండి. ఇప్పుడు షాపుల్లో డిస్క్ రిమ్ములే ఎక్కువ. వాటి పక్కలకు రంగే ఉంటుంది, బ్రేకు పట్టే చదును ఉండదు. చూపించిన రిమ్ముకు రెండు పక్కలా వెండిరంగులో తేలిన చదునైన పట్టీ ఉందేమో చూసుకుని తీసుకోండి.