క్యూబా వెళ్తే తిరుగు టాక్సీ డబ్బు మొదటిరోజే పక్కన పెట్టండి

"భార్యాభర్తలం వారం రోజులకి క్యూబా వెళ్తున్నాం. అక్కడ కార్డులు నడవవంటున్నారు. ఇద్దరికీ కలిపి ఎంత క్యాష్ పట్టుకెళ్లాలి?" అని అడిగారు.

అంకె చెప్తాను. కానీ ఆ డబ్బులో దేన్ని ముట్టుకోకూడదో దిగిన రోజే తేల్చుకోవడం అంతకన్నా ముఖ్యం. క్యూబాలో డబ్బు అయిపోయి అవస్థ పడ్డవాళ్లెవరూ పేదవాళ్లు కాదు. బ్యాంకులో లక్షలున్నా చేతిలో నోటు లేనివాళ్లే.

మేం 2023 వేసవిలో టొరంటో నుంచి వెళ్లాం. నేను, మా ఆవిడ, మా నాన్నగారు. రాజధాని హవానా చూసుకుని, క్యూబాలోనే ఉన్న ట్రినిడాడ్ అనే పాత ఊరికి వెళ్లాం. రాళ్లు పరిచిన వీధులు, రంగురంగుల పెంకుటిళ్లు, బాగా ఎండ. ఒకరోజు పొద్దున్నే నేనూ నాన్నా మంచినీళ్ల బాటిళ్ల కోసం బయల్దేరాం. అక్కడ పెద్ద బాటిల్ దొరకడం కూడా ఒక పనే, నాలుగు కొట్లు తిరగాలి. దారిలో బ్యాంకు ముందు ఏదో గొడవ.

క్యూబాలో క్యూ మన కంటికి కనపడదు. వచ్చినవాళ్లు "ఆఖరివాళ్లు ఎవరు?" అని అడిగి, వాళ్లెవరో గుర్తు పెట్టుకుని, ఎదురుగా ఎక్కడ నీడ ఉంటే అక్కడ కూర్చుంటారు. తెలియనివాళ్లు తలుపు దగ్గర ఎవరూ లేరు కదా అని నేరుగా వెళ్లి నిలబడతారు. ఆ రోజు అలా నిలబడింది ఒక కుర్రాడు. ఎదురు అరుగుల మీదున్న ఆడవాళ్లంతా అతని మీద కేకలేస్తున్నారు. అతను పక్కనున్న అమ్మాయితో "వీళ్లేమంటున్నారో ఒక్క ముక్క అర్థం కావట్లేదు" అన్నాడు. అచ్చ తెలుగులో!

నాన్న ఆగిపోయారు. "ఏ ఊరు బాబూ మీది?"

"నరసరావుపేట అండీ. డల్లాస్‌లో ఉంటున్నాం."

కొత్తగా పెళ్లైనవాళ్లు. జేబులో మూడు కార్డులు, మూడూ అమెరికా బ్యాంకులవే. అమెరికా బ్యాంకులిచ్చిన కార్డులు క్యూబాలో ఏటీఎంలోనూ పనిచేయవు, కొట్లోనూ పనిచేయవు. క్యూబా మీద అమెరికా పెట్టిన ఆంక్షల వల్ల వచ్చిన చిక్కు అది. ఆఫీసులో ఎవరో "హవానాలో ఏటీఎంలు బోలెడున్నాయి, టెన్షన్ పడకండి" అని చెప్పారట. తెచ్చుకున్న 600 డాలర్లు హవానాలో పాత కార్లలో తిరగడానికి, లాబ్‌స్టర్ భోజనాలకి, ట్రినిడాడ్ టాక్సీకి అయిపోయాయి. ఇంకా మిగిలింది 40 డాలర్ల లోపే. ఎల్లుండి హవానా నుంచి ఫ్లైట్. అక్కడికి చేరాలంటే షేర్ టాక్సీలో ఒక్క సీటే దాదాపు 40 డాలర్లు. ఆ అమ్మాయి మెట్టు మీద కూర్చుని ఫోన్‌లో రాసుకున్న ఖర్చులు మళ్లీ మళ్లీ కూడుతోంది. ఎన్నిసార్లు కూడితే మాత్రం ఏం లాభం? పైగా ఆ పొద్దున ఆ వీధిలో కరెంటే లేదు. పనిచేసే కార్డు ఉన్నవాళ్లకి కూడా మిషన్ డబ్బివ్వదు.

నాన్న వాళ్లని మేం దిగిన ఇంటికి తీసుకొచ్చారు. మాకు గది అద్దెకిచ్చిన ఇంటావిడ అడక్కుండానే కాఫీ పెట్టింది. మా డబ్బంతా మా ఆవిడ దగ్గరే. హవానాలో దిగిన రాత్రే దాన్ని మూడు జిప్ సంచుల్లో వేసింది. మొదటి దాంట్లో తిరుగు టాక్సీలు, ఇంకా కట్టాల్సిన గది అద్దెలు. రెండోది రోజువారీ ఖర్చు. మూడోది ఒంట్లో బాగోకపోతేనో ఫ్లైట్ తప్పితేనో తప్ప తీయకూడనిది. ఆ మూడో సంచి తీసి 150 యూరోలు లెక్కపెట్టి అమ్మాయి చేతిలో పెట్టింది. కానీ ముందు ఒక షరతు పెట్టింది: "టాక్సీ అతన్ని ఇక్కడికే పిలిపిస్తాను, ఇద్దరి సీట్లకీ ఇప్పుడే కట్టేయండి. మిగిలింది మీ ఇష్టం." ఇంటావిడ ఫోన్ చేసింది, అతను వచ్చాడు, సీట్లు ఖాయమయ్యాయి. ఆ అమ్మాయి "అక్కా, ఇవాళ అన్నం తినబుద్ధవుతోంది" అంది. రాత్రి అందరం కలిసి అన్నం, నల్ల చిక్కుడు గింజలు, అరటికాయ వేపుడు తిన్నాం. కుర్రాడు డల్లాస్ చేరగానే డబ్బు పంపేశాడు.

ఇలాంటి పిల్లల్ని చెడగొట్టేది రీల్స్ చేసేవాళ్లు. "క్యూబా, రోజుకి 50 డాలర్లే" అని పెద్ద అక్షరాలతో వేస్తారు. ఒక్కడే తిరిగి, ఎవరింట్లోనో పడుకుని, ఊరు దాటకుండా చెప్పిన లెక్క అది. ఆ వీడియో చూసి ఒక కుటుంబం బయల్దేరుతుందని వాళ్లకి పట్టదు. నాకు నిజంగా కోపం వస్తుంది. ఇంకో రకం పాత బ్లాగులు. ఇప్పటికీ సీయూసీ అనే కరెన్సీ గురించి రాస్తున్నాయి. అది 2021 జనవరి 1 నుంచి రద్దు దారిలో పడింది, ఇప్పుడు చెల్లదు. ఎవరైనా చిల్లరగా ఆ నోట్లు అంటగడితే తీసుకోకండి. ఇప్పుడున్న నోట్లు క్యూబా పెసోలే, అవి దేశం బయట ఎక్కడా దొరకవు, బయటికొచ్చాక మారవు కూడా.

ఇక లెక్క. ఇవన్నీ 2023లో మేం ఇచ్చిన రేట్లు, అమెరికా డాలర్ల లెక్కలో చెప్తున్నాను. ఇంట్లో అద్దెకిచ్చే గది (వాళ్లు కాసా అంటారు, తలుపు మీద నీలం లంగరు లాంటి గుర్తు ఉంటుంది) రాత్రికి 30 డాలర్లు. టిఫిన్ మనిషికి 5. విమానాశ్రయం నుంచి హవానాకి టాక్సీ 30. తిండి, ఊళ్లో తిరుగుడు కలిపి ఇద్దరికి రోజుకి 70 అనుకోండి. ట్రినిడాడ్ వెళ్లి రావడానికి 160. దీనికి సగం కలిపి అత్యవసరానికి ఉంచాలి. సగం అంటే సగమే, ఇందులో బేరం లేదు. అంటే వారానికి ఇద్దరికీ కలిపి, గదులు ముందే కట్టేస్తే దాదాపు 1200, అక్కడే కట్టాలంటే దాదాపు 1500 డాలర్లు. అమెరికాలో ఉన్నవాళ్లకి ఎయిర్‌బీఎన్‌బీలో ముందే కట్టే వీలుంది, తప్పకుండా అలాగే చేయండి. దానివల్ల మోయాల్సిన క్యాష్ తగ్గుతుంది, డబ్బు అయిపోయినా తలదాచుకునే చోటు ఉంటుంది. ఆ డల్లాస్ పిల్లలు గదులు అలా ముందే కట్టుకోబట్టే కనీసం పడుకోవడానికి చోటు మిగిలింది.

నోట్లు చిన్నవి తీసుకెళ్లండి, 5, 10, 20. ఇది చెప్పడం తేలిక. మా బ్యాంకులో అడిగితే అన్నీ వందలే ఇచ్చారు, చిన్నవి కావాలంటే ముందే ఆర్డర్ పెట్టాలట. అందుకని రెండు వారాల ముందే అడగండి. చిరిగినవి, పెన్ను గీతలున్నవి కౌంటర్ దగ్గరే తిరిగిచ్చేయండి. అక్కడ అలాంటి నోటు ఎవరూ ముట్టుకోరు.

మీ కార్డు పనిచేసేదైనా దాని మీద ఆధారపడకండి. మేం వెళ్లినప్పుడు డాలరుకి ప్రభుత్వ రేటు 120 పెసోలు, జనం చేతులు మారే బయటి మార్కెట్లో 200 దాటింది. కార్డు గీకితే అప్పుడు లెక్క ప్రభుత్వ రేటు మీదే. అంటే అదే భోజనానికి దాదాపు రెట్టింపు కట్టినట్టు. ఎల్ టోకే అనే వార్తా సైట్ రోజూ బయటి రేటు వేస్తుంది, బయల్దేరే ముందు చూసుకోండి. వీధిలో పిలిచి మార్చేవాళ్ల జోలికి మాత్రం పోవద్దు, అది చట్టప్రకారమూ కాదు, లెక్కలో మోసమూ ఉంటుంది. మేం గదులకీ టాక్సీలకీ నేరుగా యూరోలే ఇచ్చాం. చిల్లర ఖర్చుకి మాత్రమే కొంచెం కొంచెంగా పెసోలు వాడాం. కరెంటు సంగతి చూశారుగా. ఆ తర్వాత ఇంకా పాడైంది. 2024 అక్టోబర్ 18న గిటెరాస్ విద్యుత్ కేంద్రం ఆగిపోయి దేశమంతా చీకటైంది. అలాంటి రోజు కార్డు ఎవరిదైతే ఏంటి?

మీరు అమెరికాలో ఉంటే ఇంకొకటి. హెచ్1బీ మీద ఉన్నా, గ్రీన్ కార్డ్ ఉన్నా క్యూబా ప్రయాణం మీద అమెరికా పెట్టిన రూల్స్ మీకూ వర్తిస్తాయి. ఊరికే టూరిజం అంటే కుదరదు, అనుమతి ఉన్న 12 కేటగిరీల్లో ఒకటి చూపాలి. చాలామంది "సపోర్ట్ ఫర్ ద క్యూబన్ పీపుల్" కింద వెళ్తారు. దానికి కాసాల్లో ఉండటం, ప్రైవేటు హోటళ్లలో తినడం కలిసొస్తాయి. ఖర్చుల రికార్డు ఏళ్ల తరబడి దాచాలి కాబట్టి రసీదులు పారేయకండి. క్యాష్‌కి రసీదు ఇవ్వని చోట తేదీ, ఊరు, ఎవరికి ఎంత ఇచ్చారో అదే రోజు రాత్రి నోట్‌బుక్‌లో రాసేయండి.