చాకు కొనబోయే ముందు ఈ ఉత్తరం చదువు తల్లీ

తల్లీ,

ఆదివారం నువ్వు పంపిన మెసేజ్ మూడుసార్లు చదివాను. "పెదనాన్నా, రోజూ జేబులో ఉంచుకోవడానికి మంచి చాకు చెప్పు. పనిలోనూ ఉపయోగపడాలి, నైట్ షిఫ్ట్ అయ్యాక ఒంటరిగా వచ్చేటప్పుడు ధైర్యంగానూ ఉండాలి" అని రాశావు. ముప్పై రెండేళ్లు కరెంటు పని చేశాను. జేబులో చాకు లేకుండా పనికి వెళ్లిన రోజు నాకు గుర్తు లేదు. కాబట్టి పని చాకు గురించి ఎంతైనా చెప్తాను. కానీ ఆ రెండో మాట చదివాక నాకు టెన్షన్ పట్టుకుంది. ఫోన్‌లో అయితే సగం మర్చిపోతాను, అందుకే కూర్చుని రాస్తున్నాను.

ముందు ఆ రెండో సంగతి. ఆత్మరక్షణ కోసం చాకు కొనకు. మిగతావన్నీ నీ ఇష్టానికి వదిలేస్తాను గానీ, ఈ ఒక్కటి మాత్రం నా మాట విను.

నా కుడిచేతి చూపుడువేలి చివరి కణుపు వంగదని నీకు తెలుసు. చిన్నప్పుడు ఆ వేలు పట్టుకుని ఏమైందని అడిగేదానివి. మిషన్‌లో పడిందని చెప్పి ఊరుకునేవాణ్ణి. అసలు జరిగింది ఇది. పనిలో చేరిన మూడో ఏడు, మందపాటి రబ్బరు షీటుకు చిల్లు పెడదామని మడత చాకు మొనతో గట్టిగా పొడిచాను. దానికి లాకు లేదు, అంటే తెరిచిన బ్లేడు మూసుకోకుండా పట్టి ఆపే ఏర్పాటు లేదు. వెనక ఉన్న స్ప్రింగు బిగువు మీదే బ్లేడు నిలబడే రకం. మొన రబ్బరులో ఇరుక్కుంది, నా చెయ్యి ముందుకు పోయింది, బ్లేడు మడతపడి నా వేలి మీదే మూసుకుంది. వేలిని మడిచే స్నాయువు, అంటే కండరాన్ని ఎముకకు కలిపే తాడులాంటిది, తెగింది. కుట్లు వేశారు, వారాల తరబడి కట్టుతో తిరిగాను, అయినా ఆ కణుపు మళ్లీ పని చేయలేదు. అప్పుడు నా మీదికి ఎవరూ రాలేదమ్మా. పట్టపగలు, తొందర లేకుండా, నా పని నేను చేసుకుంటున్నాను. అలాంటప్పుడే అంత జరిగింది.

అలాంటి మడత చాకును రాత్రిపూట భయంలో వాడాల్సి వస్తే ఎలా ఉంటుందో ఆలోచించు. బ్యాగులో వెతకాలి, బయటికి తీయాలి, బ్లేడు మీదున్న సన్నటి గాడిలో గోరు పెట్టి దాన్ని లాగాలి, లాకు పడిందో లేదో తెలియాలి. ఇంట్లో కూర్చుని చేస్తేనే కొన్ని సెకన్లు పడుతుంది. భయం వేస్తే గుండె దడదడలాడుతుంది, అరచేతులు చెమట పడతాయి, వేళ్లతో చేసే సన్నపని ముందుగా దెబ్బతింటుంది. తాళంచెవి తాళంలో దూర్చలేక తడబడతామే, అలా. 1983లో అమెరికాలోని సాల్ట్ లేక్ సిటీ పోలీసు శిక్షకుడు డెన్నిస్ ట్యూలర్ ఒక లెక్క రాశాడు. 21 అడుగుల దూరంలో ఉన్న మామూలు మనిషి ఒకటిన్నర సెకనులో మీదికి వచ్చేయగలడని. నడుముకు తుపాకీ ఉన్న పోలీసులను హెచ్చరించడానికి చెప్పిన లెక్క అది. జిప్పు వేసిన బ్యాగులో మడత చాకు ఉన్న నీకు ఆ ఒకటిన్నర సెకను ఏ మూలకు?

తీశావే అనుకుందాం. జేబు చాకులు చాలావాటికి పిడికీ బ్లేడుకూ మధ్య చేతిని ఆపే అడ్డు ఉండదు. పొడిచినప్పుడు మొన ఎముకకో బెల్టుకో తగిలి ఆగితే, తడి చెయ్యి పిడి మీంచి జారి పదును మీదికి పోతుంది. కత్తితో దాడి చేసినవాళ్ల చేతుల్లో కొన్నిసార్లు వాళ్ల కత్తి గాయాలే కనిపిస్తాయని పోలీసు కేసుల్లో గాయాలు పరీక్షించే డాక్టర్లకు తెలుసు. పైగా చిన్న బ్లేడు గాయం ఎదుటివాణ్ణి అక్కడికక్కడే ఆపదు. వాడు ఇంకా నీ మీదే ఉంటాడు, ఈసారి పిచ్చికోపంతో. నీకంటే బలమున్నవాడైతే చాకు చేతులు మారడానికి ఎంతసేపు? పర్సు లాక్కుని పోవాలనుకున్నవాడి ముందు నువ్వు కత్తి తీస్తే పర్సుతో పోయేది ప్రాణం దాకా వస్తుంది.

చట్టం కూడా నీ వైపు ఉండకపోవచ్చు. ఉదాహరణకు బ్రిటన్‌లో లాకు లేని, కోసే అంచు 3 అంగుళాలు మించని మడత చాకు వెంట ఉంచుకోవడానికి కారణం చెప్పక్కర్లేదు. కానీ అదే చాకును "ఎవరైనా మీదికి వస్తే వాడటానికి" అని చెప్తే అది ఆయుధం కింద నేరమవుతుంది. వస్తువు ఒకటే, నువ్వు చెప్పిన కారణం దాని పేరు మార్చేస్తుంది. జర్మనీలో ఒంటిచేత్తో తెరుచుకుని లాకు పడే చాకును తగిన కారణం లేకుండా బయట తీసుకుతిరగడం నిషేధం. బటన్ నొక్కగానే బ్లేడు బయటికి దూకే రకాన్ని చాలా దేశాలు అసలే ఒప్పుకోవు. నువ్వు ఉండే చోటు నియమం, ప్రయాణంలో దిగే చోటు నియమం, నీ ఆఫీసు నియమం, మూడూ చూసుకో. విమానం ఎక్కేటప్పుడు చాకు చేతి బ్యాగులో ఉండకూడదు, చెక్-ఇన్ లగేజీలో వెయ్యి.

మరి రాత్రిపూట ఏం పెట్టుకోవాలి అంటావు. అరచేతిలో ఇమిడే మంచి టార్చి పెట్టుకో. చీకటి మూలలు ముందే కనిపిస్తాయి, కళ్లలో పడితే ఎదుటివాడు ఒక క్షణం తలతిప్పుతాడు, నువ్వు పరుగెత్తడానికి అది చాలు. పిన్ను లాగితే కూత పెట్టే చిన్న అలారం బ్యాగు పట్టీకి తగిలించు, లోపల వెయ్యకు. పరుగెత్తగలిగే చెప్పులు వేసుకో. బయల్దేరేటప్పుడు లొకేషన్ మీ అమ్మకో నాకో పంపు, ఎంత రాత్రయినా సరే. ఎవడైనా ఫోన్ అడిగితే దూరంగా విసిరేసి రెండో వైపు పరుగెత్తు. ఫోన్ మళ్లీ కొనుక్కుందాం. పట్టు విడిపించుకుని తప్పించుకోవడం నేర్పే శిక్షణ దొరికితే చేరు, ఫీజు నేను కడతాను.

ఇక పని చాకు. ఇది నాకు ఇష్టమైన సంగతి.

రోజంతా అట్టపెట్టెలే కోసేటట్టయితే చాకు మీద ఆ బరువు వెయ్యకు. అట్టలో ఉండే సన్నటి గరుకు పదునును చాలా త్వరగా తినేస్తుంది. దానికి బ్లేడు మార్చుకునే కట్టరే సరైనది. పెట్టెల పని కట్టరుకు వదిలేస్తే, చాకుకు మిగిలేవి తాళ్లు, టేపులు, ప్లాస్టిక్ పట్టీలు, దారాలు, పెన్సిళ్లు. వీటికి రెండున్నర అంగుళాల బ్లేడు ధారాళంగా సరిపోతుంది. మూడు దాటక్కర్లేదు. పొడుగు బ్లేడు చూస్తే ధైర్యమనిపిస్తుంది గానీ, చేతిలో మొన అదుపు తగ్గుతుంది, చూసేవాళ్లకు భయం పెరుగుతుంది.

లాకు గురించి కొంచెం ఎక్కువ రాస్తాను, నా వేలు పోయింది అక్కడే కాబట్టి. లాకు లేని స్ప్రింగు చాకుతో లాగి కోయవచ్చు, మొనతో పొడవకూడదు. ఆ తేడా చేతికి అలవాటైతే అది కూడా మంచి చాకే. లాకుల్లో పాతది వెన్నులాకు. పిడి వెనక భాగంలో ఒక కడ్డీ బ్లేడు మొదట్లో ఉన్న గాడిలో పడుతుంది. గట్టిది, కానీ మూసేటప్పుడు చాలామందికి రెండు చేతులు కావాలి. రెండోది లైనర్ లాకు. పిడి లోపలి సన్నటి రేకు పక్కకు వంగి బ్లేడు కింద ఆనుకుంటుంది. మూయడం తేలిక, అయితే మూసేటప్పుడు బొటనవేలు బ్లేడు దారిలోనే ఉంటుంది, అది మర్చిపోకు. జేబులోని నూలుపోగులూ దుమ్మూ ఆ రేకు దగ్గర చేరితే లాకు సగమే పడుతుంది. నాతో పనిచేసిన కుర్రాడి చాకు అలాగే జారింది. అదృష్టం, చేతికి గ్లవ్ ఉంది. ఫ్రేమ్ లాకు కూడా ఈ పద్ధతే, సన్నటి రేకు బదులు పిడి పక్కభాగమే లాకుగా పనిచేస్తుంది. నాలుగోది ఫ్రాన్స్ కంపెనీ ఓపినెల్ చాకులకు ఉండే తిరిగే ఉంగరం, 1955 నుంచి ఉంది. బ్లేడు తెరిచి ఉంగరం తిప్పితే మూసుకోదు. చిన్న స్ప్రింగు కూడా లేని సాదా ఏర్పాటు, నాకు చాలా నమ్మకం. దాని చెక్క పిడి తడిస్తే ఉబ్బి బ్లేడు బిగుసుకుంటుంది, అదొక్కటే ఇబ్బంది.

ఏ లాకైనా విఫలం కావచ్చనే అనుకుని పని చెయ్యి. లాకు ఉంది కదా అని బ్లేడు వెన్ను మీద బలం పెట్టకు.

ఉక్కు గురించి అమ్మేవాళ్లు చాలా చెప్తారు. నీకు కావలసింది ఇంతే. క్రోమియం బాగా ఉన్న స్టెయిన్‌లెస్ తుప్పు పట్టడం తక్కువ, చెమటకూ వానకూ ఓర్చుకుంటుంది. కార్బన్ స్టీలు నూరడం సులువు, పదును బాగా ఎక్కుతుంది, కానీ తడి తుడవకపోతే మచ్చలు పడుతుంది. గట్టిదనాన్ని రాక్‌వెల్ అంకెల్లో చెప్తారు. 56 నుంచి 58 ఉన్నది నీ చేత్తో నువ్వే నూరుకోగలవు. 60 దాటినవి పదును ఎక్కువ కాలం నిలుపుతాయి, కానీ మొద్దుబారితే కొత్తవాళ్లకు లొంగవు. మొదటి చాకుకు మెత్తటిదే తీసుకో. నూరడం నేర్చుకునేది దాని మీదే. అంచు పూర్తిగా సాదాగా ఉండాలి. రంపం పళ్ల అంచు తాళ్లు బాగా కోస్తుంది గానీ నూరడం పెద్ద పని.

షాపులో చేతిలోకి తీసుకున్నాక చూడాల్సినవి చెప్తాను. మూసి ఉన్న చాకును గట్టిగా ఊపు, బ్లేడు బయటికి రాకూడదు. మొన పూర్తిగా పిడిలో మునిగి ఉండాలి, పొడుచుకుని కనిపించినా వద్దు. తెరిచి బ్లేడును పక్కలకు కదిపి చూడు, ఆడకూడదు. లాకు వేసి, వేళ్లన్నీ బ్లేడు దారికి దూరంగా పెట్టుకుని, దాని వెన్నును చెక్క మీద మెల్లగా తట్టు, సడలితే తిరిగి ఇచ్చెయ్యి. పిడి నీ అరచేతికి సరిపోవాలి. నా చేతికి బాగున్నది నీకు లావు కావచ్చు, అందుకే ఇదొక్కటీ ఆన్‌లైన్‌లో చూసి చెప్పలేను. పేరున్న కంపెనీల నకిలీలు చాలా తిరుగుతున్నాయి. వాటిలో ఉక్కును వేడి చేసి గట్టిపరిచే పని సరిగా జరగదు, లాకులు నమ్మలేం. ధర మరీ తక్కువగా ఉంటే అనుమానించు.

ఇంత రాశాక నా ఎంపిక కూడా చెప్తాను. విక్టోరినాక్స్ కంపెనీ పెట్టిన కార్ల్ ఎల్సెనర్ 1897లో రిజిస్టరు చేయించిన స్విస్ ఆఫీసరు చాకు సంగతి నీకు తెలుసు, ఎర్ర పిడిది. ఆ కంపెనీ వాళ్లదే, మూసినప్పుడు 91 మిల్లీమీటర్ల పొడుగుండే చాకు, కత్తెర ఉన్నది తీసుకో. ఆ సైజులో బ్లేడుకు లాకు ఉండదు, కానీ నీ పనికి పొడవాల్సిన అవసరం లేదు. రోజులో సగంసార్లు నీకు కావలసింది ఆ కత్తెరే అని నెల తిరగకుండా నీకే తెలుస్తుంది. ఆఫీసులో బల్ల మీద పెట్టినా ఎవరూ కంగారు పడరు.

వచ్చాక మొదటి వారం బయటికి తీసుకెళ్లకు. ఇంట్లో కూర్చుని నెమ్మదిగా తెరవడం, మూయడం అలవాటు చేసుకో. ఒళ్లో పెట్టుకుని ఏదీ కోయకు. తొడ లోపలి వైపు పెద్ద రక్తనాళం ఉంటుంది, అది తెగితే నిమిషాల్లో ప్రాణం మీదికి వస్తుంది. ఎప్పుడూ శరీరానికి అవతలి వైపుకే కొయ్యి. చెయ్యి జారి చాకు కింద పడుతుంటే పట్టుకోబోకు, పాదాలు వెనక్కి తీసుకుని పడనివ్వు. ఎవరికైనా ఇచ్చేటప్పుడు మూసి ఇవ్వు. ఎంత జాగ్రత్తగా ఉన్నా తెగితే శుభ్రమైన గుడ్డతో పది నిమిషాలు గట్టిగా నొక్కి పట్టు, ఆగిందా అని మధ్యలో ఎత్తి చూడకు. ఆగకపోయినా, వేలు వంగకపోయినా, స్పర్శ తెలియకపోయినా వెంటనే ఆసుపత్రికి వెళ్లు. నేను ఆ రోజు గుడ్డ చుట్టుకుని సాయంత్రం దాకా పని చేశాను. ముందే వెళ్లుంటే ఏమయ్యేదో అని ఇప్పటికీ అనిపిస్తుంది.

పదును తగ్గిన చాకే ఎక్కువ గాయం చేస్తుంది, ఎందుకంటే బలం పెట్టాల్సి వస్తుంది, బలం పెడితే జారుతుంది. పదును బొటనవేలితో చూడకు, కాగితం కోసి చూడు. నూరేటప్పుడు వాలు ఇలా పట్టుకో. బ్లేడును రాయి మీద నిటారుగా నిలబెట్టు, అక్కణ్ణుంచి సగానికి వంచు, మళ్లీ ఆ సగంలో సగానికి, ఇంకాస్త కిందికి. ఇరవై డిగ్రీల దగ్గరికి వస్తుంది. రెండు వైపులా అదే వాలు, సమానంగా. చదివితే అర్థమయ్యే పని కాదిది, చేతికి రావాలి. వచ్చే నెల నీ దగ్గరికి వస్తున్నాను కదా, నా సానరాయి తెస్తాను. చాకు కొన్నాక దాన్ని కొంచెం మొద్దుబారేదాకా వాడి ఉంచు.

ఈలోగా ఆ అలారం, టార్చి మాత్రం ఈ వారంలోనే తీసుకో. తీసుకున్నాక ఫోటో పెట్టు.

మీ పెదనాన్న