అరికాలి మంటను మెదడులో చూసే పని నేర్చుకోవాలంటే?

ప్రశ్న: మాది నర్సంపేట దగ్గర పల్లె. ఇంటర్ బైపీసీ రెండో ఏడాది చదువుతున్నా. అమ్మకు చాలా ఏళ్లుగా షుగర్. రాత్రయితే అరికాళ్లు మంటలని నిద్రపోదు. నరాల పరీక్షలో అంతా నార్మల్ అని వచ్చింది. ‘ఏం లేదు, నీ అనుమానమే’ అంటున్నారు ఇంట్లో. లేజర్‌తో నొప్పికి మెదడు స్పందనను కొలుస్తారని చదివాను. ఆ పని నేర్చుకోవాలని ఉంది. ఏ కోర్సులో చేరాలి?

జవాబు: ముందు అమ్మ సంగతి, బిడ్డా. మామూలు నరాల పరీక్ష లావుపాటి, వేగంగా పనిచేసే పోగులనే చూస్తుంది. మంటను మోసేవి సన్నటి పోగులు. షుగర్ ఉన్న చాలామందిలో ముందు దెబ్బతినేవి అవే. రిపోర్టు నార్మల్ అయినంత మాత్రాన మంట అబద్ధం కాదు. ఈ నాలుగు ముక్కలు ఇంట్లో అందరికీ చదివి వినిపించు.

వేడి పెంక మీద వేలు పడితే ముందు చురుక్కుమంటుంది, ఆ వెనకే మెల్లగా మంట లేస్తుంది. చురుకును మోసే పోగుల వేగం సెకనుకు 10 మీటర్ల పైచిలుకు, మంటను మోసేవి సుమారు ఒక మీటరు. లేజర్ చర్మాన్ని తాకకుండానే పైపొరను కొన్ని మిల్లీసెకన్లు వేడెక్కిస్తుంది, అందుకే స్పర్శ నరాల జోలికి పోకుండా ఈ సన్న పోగులనే పలకరించగలదు. చేతి మీద ఇస్తే సుమారు 200 మిల్లీసెకన్లకు నడినెత్తిన మెదడు కరెంటులో ఒక అల, 300 దాటాక ఇంకొకటి. పాదం మీదైతే ఇంకాస్త ఆలస్యం. ఈ స్పందనలను కార్మన్ అనే శాస్త్రవేత్త బృందం 1976లో ప్రకటించింది, మన కాకతీయ విశ్వవిద్యాలయం పుట్టిన ఏడాదే.

ఒక్క మాట మాత్రం గట్టిగా పట్టుకో. ఆ అల ‘నొప్పి ఇంత’ అని చెప్పే తూకం కాదు. చర్మం నుంచి మెదడుకు నొప్పి కబురు వెళ్లే దారి తెరిచి ఉందా, మూసుకుపోయిందా అన్నది చెబుతుంది. పైగా పేషెంట్ ధ్యాస మళ్లినా అల చిన్నదవుతుంది.

పని ఎలా ఉంటుందంటే, పాపిట తీసి, చర్మం రుద్ది, పేస్టుతో ఎలక్ట్రోడ్ అంటించాలి. అందరికీ కళ్లద్దాలు పెట్టాలి. చర్మం కాలకుండా లేజర్ చుక్కను ప్రతిసారీ కాస్త జరపాలి. వెతికే అల మైక్రోవోల్టుల్లో ఉంటుంది, కనురెప్ప ఒక్కసారి కొట్టుకున్నా చెడిపోతుంది. 25 సార్లు తీసి సగటు కడితే అలలో కలిసే అనవసరపు గోల (నాయిస్) ఐదో వంతుకు తగ్గుతుంది. ఓపిక లేనివాళ్లకు ఇది కుదరదు.

లేజర్ పరీక్ష ఎక్కువగా పరిశోధనశాలల్లోనే ఉంది. జీతం ఇచ్చే తలుపు ఈఈజీ (తలమీద ఎలక్ట్రోడ్లతో మెదడు కరెంటును నమోదు చేసే పరీక్ష), నరాల పరీక్షలు. అందుకు బెంగళూరు నిమ్‌హాన్స్‌లో బీఎస్సీ క్లినికల్ న్యూరోఫిజియాలజీ టెక్నాలజీ ఉంది. నీకు నేను మొదట చెప్పేది అదే. నీట్‌లో సీటొస్తే ఎంబీబీఎస్ తర్వాత ఎండీ ఫిజియాలజీ కూడా ఇటే తెస్తుంది. దూరం పంపరంటే హన్మకొండ పింగిళి కాలేజీలో డిగ్రీ చేసి, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో న్యూరల్ అండ్ కాగ్నిటివ్ సైన్స్ ఎమ్మెస్సీకి ప్రయత్నించు. ఏ దారైనా స్టాటిస్టిక్స్, పైథాన్ అనే కంప్యూటర్ ప్రోగ్రామింగ్ భాష ఇప్పటి నుంచే మొదలుపెట్టు. బైపీసీ పిల్లలు వెనకబడేది అక్కడే.

ఈలోగా అమ్మకు మంట ఏ వేలి దగ్గర మొదలవుతుందో, రాత్రి ఎన్నింటికి ఎక్కువవుతుందో నోట్‌బుక్‌లో రాసిపెట్టు. ఈసారి డాక్టర్ దగ్గరికి వెళ్లినప్పుడు అది చూపించు.