మీకు బాగా నచ్చిన టీవీ కార్యక్రమం ఏది, ఎందుకు?

నాకైతే ఈటీవీలో వచ్చే ‘పాడుతా తీయగా’. 1996లో మొదలైంది. 2020లో కన్నుమూసేదాకా దాన్ని నడిపించింది ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం గారే. ఇప్పుడు వాళ్లబ్బాయి చరణ్ గారు చూసుకుంటున్నారు.

పాటల పోటీలు చాలా ఛానెళ్లలో వస్తాయి. ఇక్కడ మాత్రం నేను పాట కోసం ఎంత ఎదురుచూసేవాణ్ణో, పాట అయ్యాక బాలుగారు చెప్పే మాటల కోసం అంతకంటే ఎక్కువ ఎదురుచూసేవాణ్ణి. ఆ పాట ఎవరు రాశారు, రికార్డింగు రోజు ఏం జరిగింది, చరణంలో ఫలానా మాట దగ్గర ఊపిరి ఎక్కడ తీసుకోవాలి, అన్నీ విడమరచి చెప్పేవారు. ‘శ’, ‘ష’ తేడా పోయినా, ఒత్తు జారినా ఊరుకునేవారు కాదు. తప్పు చూపించేవారు, కానీ పిల్లలు చిన్నబుచ్చుకోకుండా తనే ఆ లైను పాడి వినిపించేవారు. ఆ ఓపిక నాకు మహా ఇష్టం.

ఏడుపులు, సస్పెన్సు సంగీతం లేవు. వెనక వాద్యబృందం నిజంగా వాయిస్తుంటుంది. మా అమ్మకి ఘంటసాల పాటలు, నాకు ఇళయరాజా పాటలు. ఒకే గంటలో ఇద్దరికీ దొరికేవి.