పర్యావరణ ఉద్యోగాల్లో ఎవరికి చోటు? పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

సుస్థిరత రంగంలో పనిచేసేవాళ్లలో అన్ని వర్గాలవాళ్లూ ఉన్నారా, లేకపోతే ఏం చేయాలి అన్న విషయంపై వచ్చిన ప్రశ్నల్లోంచి ఆరింటికి ఈసారి జవాబులిస్తున్నాం.

ప్రశ్న: మాది హైదరాబాద్‌లో 60 మంది పనిచేసే ఈఎస్‌జీ (పర్యావరణం, సమాజం, సంస్థ పాలన) కన్సల్టెన్సీ. కిందటేడు ఏడుగురితో ‘వైవిధ్య సలహా మండలి’ వేశాం. ఫొటో తీసి వెబ్‌సైట్‌లో పెట్టాం. రెండుసార్లు సమావేశమయ్యాం. ఏమీ కదలలేదు. లోపం ఎక్కడుంది?
– హెచ్‌ఆర్ అధికారి, మాదాపూర్

జవాబు: మీ ఉత్తరంలో సభ్యుల గురించి ఉంది, వాళ్ల పని గురించి లేదు. లోపం అక్కడే. మండలి ఏ కాగితాలు చూస్తుంది, ఎవరికి సలహా ఇస్తుంది, ఎన్ని రోజుల్లో జవాబు రావాలి, సభ్యులకు ఎంత చెల్లిస్తారు అన్నవి ఒక్క పేజీలో రాసి డైరెక్టర్ల చేత సంతకం చేయించండి. ఉద్యోగ ప్రకటనలు వెలువడకముందు ముసాయిదా, హోదాలవారీగా జీతాలు, ప్రమోషన్ల జాబితా, రాజీనామా చేసినవాళ్లు చెప్పిన కారణాలు... కనీసం ఈ నాలుగూ మండలి ముందుకు రావాలి. ఇచ్చిన ప్రతి సలహాకూ 30 రోజుల్లో రాతపూర్వకంగా జవాబివ్వాలి. ఒప్పుకోకపోతే కారణం రాయాలి. ఈ ఒక్క నియమం లేకనే చాలా మండళ్లు రెండో సమావేశంతో ఆగిపోతాయి.

సభ్యులు ఐదుగురి నుంచి ఏడుగురి వరకు చాలు. సగం మంది బయటివాళ్లు కావాలి. మీరు పంపిన జాబితాలో ఏడుగురూ నగరంలో ఇంగ్లిష్ మీడియంలో చదివినవాళ్లే, అందరూ సీనియర్ హోదాల్లో ఉన్నవాళ్లే. చెత్త ఏరుకుని బతికేవాళ్ల సంఘం నాయకురాలు, ఏజెన్సీ ప్రాంతంలో పనిచేసే ఆదివాసీ ఫీల్డ్ ఉద్యోగి, వైకల్యం ఉన్న విశ్లేషకుడు, తెలుగు మీడియం నుంచి ఈ రంగంలోకి వచ్చిన జూనియర్... వీళ్లలో కనీసం ఇద్దరు ఉండాలి, ఎప్పుడూ ఒక్కరే కాకూడదు. ఒక్కరే ఉంటే ఆ మనిషి నోట తన వర్గం మొత్తం తరఫున మాట్లాడించాలని చూస్తారు. బయటి సభ్యులకు మీరు ఇతర నిపుణులకిచ్చే రేటే ఇవ్వండి. శాలువా పారితోషికం కాదు. మండలి బాధ్యత బడ్జెట్ చేతిలో ఉన్న డైరెక్టర్‌ది, హెచ్‌ఆర్‌లో కొత్తగా చేరిన అమ్మాయిది కాదు.

మొదటి ఏడాది పది పనులు పెట్టుకోకండి. నియామకాల లెక్క ఒక్కటి తీయండి. దరఖాస్తు చేసినవాళ్లు, వడపోతలో నిలిచినవాళ్లు, ఆఫర్ అందుకున్నవాళ్లు, ఏడాది తర్వాతా ఉన్నవాళ్లు అని ప్రతి దశలో ఎవరెంతమందో రాయండి. ఉదాహరణకు 200 దరఖాస్తుల్లో 90 మహిళలవి, వడపోతలో మిగిలిన 20 మందిలో 8 మంది మహిళలు, ఐదు ఆఫర్లలో ఒక్కటే మహిళకు అనుకోండి. 45 శాతం, 40 శాతం దాకా బాగానే వచ్చి 20 శాతానికి పడిపోయింది కాబట్టి ప్రకటన మార్చి లాభం లేదు, ఇంటర్వ్యూ గదిలో చూడాలి. ప్రతి అభ్యర్థినీ అవే ప్రశ్నలు అడుగుతున్నారా? మార్కులు చర్చకు ముందే ఎవరికి వారు వేస్తున్నారా? ‘టీమ్‌లో ఇముడుతుందా’ అనే గడి మార్కుల కాగితంలో ఉంటే తీసేయండి. ఇష్టాయిష్టాలన్నీ ఆ గడిలోనే చేరతాయి.

రెండు జాగ్రత్తలు. 60 మంది ఉన్న సంస్థలో ఐదుగురికి తక్కువైన గుంపు అంకెల్ని బయట పెట్టకండి. మేనేజర్ హోదాలో ఒక్కరే ఎస్టీ మహిళ ఉంటే ఆమె జీతం అందరికీ తెలిసిపోతుంది. రెండోది, ఈ మండలి లైంగిక వేధింపుల ఫిర్యాదులు వినే కమిటీ కాదు. పది మంది, అంతకు మించి పనిచేసేచోట 2013 చట్టం ప్రకారం అంతర్గత కమిటీ విడిగా ఉండాలి. దానికి సీనియర్ మహిళా ఉద్యోగి అధ్యక్షత వహించాలి, సభ్యుల్లో కనీసం సగం మంది మహిళలు కావాలి, బయటి సభ్యులొకరు ఉండాలి, విచారణ 90 రోజుల్లో పూర్తి కావాలి. రెంటినీ కలిపేస్తే ఫిర్యాదు గోప్యత పోతుంది, విచారణా చెల్లకపోవచ్చు.

ప్రశ్న: బీఎస్సీ పర్యావరణ శాస్త్రం చదివాను, ఇంటర్ దాకా తెలుగు మీడియం. ప్రకటనలన్నీ ‘అద్భుతమైన ఇంగ్లిష్’, ‘రెండేళ్ల అనుభవం’ అంటున్నాయి. జీతం లేని ఇంటర్న్‌షిప్‌కు హైదరాబాద్‌లో అద్దె కట్టలేను. ఈ రంగం నాలాంటివాళ్లకు కాదా?
– పాఠకురాలు, విజయనగరం

జవాబు: మీలాంటివాళ్లు లేకపోవడం ఈ రంగానికే నష్టమమ్మా. ఎందుకో చెప్తాం. పైడిభీమవరం మందుల ఫ్యాక్టరీల్లో, భీమవరం రొయ్యల ప్రాసెసింగ్ యూనిట్లలో కార్మికుల పరిస్థితి చూడ్డానికి ఆడిటర్లు వస్తుంటారు. తెలుగు రాని ఆడిటర్‌కు సూపర్‌వైజరే దుబాసీ అవుతాడు. సూపర్‌వైజర్ ఎదుట ఏ కార్మికురాలు ఓవర్‌టైమ్ గురించి నిజం చెబుతుంది? విజయనగరం, శ్రీకాకుళం యాస అర్థమయ్యే ఆడిటర్ తెచ్చే సమాచారం వేరు. ఒడియా కూడా కొద్దిగా వస్తే ఇంకా మేలు. దీన్ని బయోడేటాలో ‘భాషలు’ అన్న చివరి వరుసలో కాకుండా, అర్హతల్లో మొదటి వరుసలో రాయండి.

అనుభవం లేదన్నదానికి ఇంటి దగ్గరే ఒక నమూనా తయారు చేసుకోండి. మీ కాలేజీని అడిగి 12 నెలల కరెంటు బిల్లులు, జనరేటర్ డీజిల్ రసీదులు తీసుకోండి. డీజిల్ లీటరుకు దాదాపు 2.68 కిలోల కార్బన్ డయాక్సైడ్, గ్రిడ్ కరెంటు యూనిట్‌కు సుమారు 0.7 కిలోలు వస్తుంది. గ్రిడ్ అంకెను కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ ఎప్పటికప్పుడు సవరిస్తుంది, ఉచితంగా దొరుకుతుంది, తాజాది వాడండి. 50,000 యూనిట్లు, 1,000 లీటర్లు అనుకుంటే కరెంటు వల్ల 35 టన్నులు, డీజిల్ వల్ల 2.68 టన్నులు. డీజిల్‌ది స్కోప్ 1 (సంస్థే కాల్చిన ఇంధనం), కరెంటుది స్కోప్ 2 (బయట కొన్న కరెంటు). ఏ బిల్లు దొరకలేదో, ఆ నెలకు ఏం ఊహించారో కూడా రాయండి. ఇంటర్వ్యూ చేసేవాళ్లు ముందుగా చూసేది దాన్నే. ఆ తర్వాత డాక్టర్ రెడ్డీస్, దివీస్ లాంటి మూడు లిస్టెడ్ కంపెనీల వార్షిక నివేదికల్లో బీఆర్‌ఎస్‌ఆర్ (వ్యాపార బాధ్యత, సుస్థిరత నివేదిక) భాగాన్ని చదవండి. స్టాక్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ ఈ నివేదికను 2022-23 నుంచి తొలి 1,000 లిస్టెడ్ కంపెనీలకు తప్పనిసరి చేసింది. ఉద్యోగాలు పెరగడానికి అదీ ఒక కారణం.

జీతం లేని ఇంటర్న్‌షిప్ వద్దనే మా సలహా. నాట్స్ (జాతీయ అప్రెంటిస్‌షిప్ శిక్షణ పథకం) పోర్టల్‌లో నమోదు చేసుకోండి. అందులో స్టైపెండ్ తప్పనిసరి, కొంత ప్రభుత్వమే భరిస్తుంది. ఇది చదివే యజమానులకూ ఒక మాట: ‘అద్భుతమైన ఇంగ్లిష్’ అని రాసే బదులు ఆ ఉద్యోగంలో ఏం రాయాలో అది రాయండి. గ్రూప్ డిస్కషన్ మానేసి, గంటసేపు ఒక బిల్లుల కట్ట ఇచ్చి లెక్క తీయమనండి.

ప్రశ్న: మా కంపెనీ బీఆర్‌ఎస్‌ఆర్‌లో వికలాంగ ఉద్యోగులు ‘సున్నా’ అని రాశాం. 1,400 మందిలో ఒక్కరూ లేరంటే నమ్మడం కష్టమని మా డైరెక్టర్ అంటున్నారు. ఎలా అడగాలి?
– సుస్థిరత విభాగం ఉద్యోగి, విశాఖపట్నం

జవాబు: మీ డైరెక్టర్ అనుమానం సరైనదే. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో 21 రకాల వైకల్యాలున్నాయి. సికిల్ సెల్, తలసీమియా, పార్కిన్సన్స్, మానసిక అనారోగ్యం కూడా వాటిలో ఉన్నాయి. ఇవేవీ బయటికి కనిపించవు, లేదా మొదట్లో కనిపించవు. కాబట్టి చూసి లెక్కపెట్టడం కుదరదు, తప్పు కూడా.

ముందు అడగకండి, ముందు ఇవ్వండి. 20 మంది, అంతకు మించి పనిచేసే ప్రైవేటు సంస్థ సమాన అవకాశాల విధానం ప్రకటించాలి, ఒక అనుసంధాన అధికారిని నియమించాలి. అది గోడ మీదా ఫోన్‌లోనూ తెలుగులో కనిపించాలి. ఆ తర్వాతే ఫారం. ఫారం వెళ్లాల్సింది ఆ అధికారికి, నేరుగా పై మేనేజర్‌కు కాదు. ‘చెప్పదలచుకోలేదు’ అనే గడి ఉండాలి. సర్టిఫికెట్ అడగొద్దు, అది పన్ను మినహాయింపు లాంటి వాటికి మాత్రమే. వైకల్యం గురించిన ప్రశ్న పక్కనే ‘పనిలో మీకేం మార్పు కావాలి’ అన్న ప్రశ్న పెట్టండి. అడిగినవాటికి 15 రోజుల్లో జవాబిస్తే వచ్చే ఏడాది అంకె దానంతటదే మారుతుంది. జవాబివ్వకపోతే మళ్లీ ఎవరూ నింపరు.

ఇంకొకటి. మన రంగం తయారుచేసే నివేదికల్లోనే స్కాన్ చేసిన పేజీలు, ఎరుపు-ఆకుపచ్చ చార్టులు ఉంటాయి. మొదటివి, తెర మీది రాతను చదివి వినిపించే స్క్రీన్ రీడర్ చదవలేదు, రెండోవాటిలో తేడా వర్ణాంధత్వం ఉన్నవాళ్లకు తెలియదు. కలుపుకోలు గురించిన అధ్యాయాన్నే కొందరు చదవలేని రూపంలో అచ్చువేయడం బాధాకరం.

ప్రశ్న: మా సోలార్ సైట్‌లో నలుగురు మహిళా టెక్నీషియన్లు చేరితే ఆరు నెలల్లో ముగ్గురు మానేశారు. ‘ఆడవాళ్లకు సైట్ పని నచ్చదు’ అంటున్నారు పైవాళ్లు. మీరేమంటారు?
– సైట్ ఇంజనీర్, అనంతపురం జిల్లా

జవాబు: నచ్చక మానేశారో, ఉండలేక మానేశారో వాళ్లనే అడగాలి. మన దేశంలో రూఫ్‌టాప్ సోలార్ ఉద్యోగుల్లో మహిళలు సుమారు 11 శాతమేనని 2019లో ఒక అధ్యయనం తేల్చింది. అదే ఏడాది అంతర్జాతీయ పునరుత్పాదక ఇంధన సంస్థ ప్రపంచవ్యాప్తంగా పునరుత్పాదక ఇంధన రంగం మొత్తంలో మహిళలు 32 శాతం అని చెప్పింది. ఆడవాళ్లకు నచ్చని పనైతే ఇంత తేడా ఉండదు.

టాయిలెట్‌తో మొదలుపెట్టండి. వందల ఎకరాల సైట్‌లో గేటు దగ్గర ఒకటి ఉంటే లేనట్టే. 42 డిగ్రీల ఎండలో, టాయిలెట్ దూరమని నీళ్లు తాగకుండా పనిచేస్తే మూత్రనాళ ఇన్‌ఫెక్షన్లు, వడదెబ్బ తప్పవు. పని జరిగే బ్లాక్‌కు ఐదు నిమిషాల నడకలో ఉండేలా, పనితో పాటు జరిపే టాయిలెట్ కావాలి. లోపల గడియ, నీళ్లు, మూత ఉన్న చెత్తబుట్ట, రోజూ శుభ్రం చేసే మనిషి ఉండాలి. ఈ ఖర్చు కాంట్రాక్టర్ ‘దయ’కు వదిలేయకుండా టెండర్‌లోనే విడి అంశంగా రాయండి.

తర్వాత భద్రతా సామగ్రి. ఎత్తులో పడిపోకుండా ఒంటికి కట్టుకునే పట్టీలు, అంటే హార్నెస్, పెద్ద సైజుది వేసుకుని పడితే మనిషి అందులోంచి జారిపోవచ్చు. తొడ పట్టీలు బిగించాక అరచేయి మాత్రమే దూరాలి, పిడికిలి దూరితే అది వదులే. పెద్ద గ్లోవ్స్‌తో కనెక్టర్ క్రింపింగ్ (తీగ కొసకు కనెక్టర్‌ను నొక్కి బిగించడం) సరిగా కుదరదు. వదులు క్రింప్ వేడెక్కి కాలిపోతుంది, అప్పుడు నింద ఆమె మీద పడుతుంది. బూట్లు 4, 5 సైజుల్లో ముందే తెప్పించండి.

అన్నిటికన్నా తక్కువగా పట్టించుకునేది పని పంపకం. ప్యానెళ్లు తుడవడం, రిజిస్టర్ రాయడం మహిళలకు, స్ట్రింగ్ టెస్టింగ్ (వరుసగా కలిపిన ప్యానెళ్ల పరీక్ష), ఇన్వర్టర్ పని మగవాళ్లకు అని చెప్పకుండానే జరిగిపోతుంది. ఆరు నెలల తర్వాత ప్రమోషన్‌కు అడిగే అనుభవం రెండోదే. ఎవరు ఏ వారం ఏ పని చేశారో నెలపాటు రాసి చూడండి, మీకే తెలుస్తుంది. కొత్తగా తీసుకునేటప్పుడు ఒక బృందంలో ఇద్దరికి తగ్గకుండా వేయండి. తిరుగు ప్రయాణానికి ఊరి దాకా బండి పెట్టండి.

ప్రశ్న: బ్రిటన్‌లో పర్యావరణ సలహాదారుగా పనిచేస్తున్నాను. వృత్తి సంఘం ఒకటి వైవిధ్య సలహా బృందంలో చేరమంటోంది. ప్రయోజనం ఉంటుందా?
– పాఠకుడు, లెస్టర్

జవాబు: అక్కడ అవసరమైతే గట్టిగానే ఉంది. పర్యావరణ వృత్తినిపుణుల్లో మైనారిటీ జాతులవాళ్లు 3.1 శాతమేనని 2017లో పాలసీ ఎక్స్ఛేంజ్ నివేదిక చెప్పాకే ఈ చర్చ ఊపందుకుంది. చేరండి, కానీ ముందు పైన మాదాపూర్ పాఠకులకు చెప్పిన ఆ ఒక్క పేజీ కాగితం చూపించమనండి.

మీరు అక్కడ లేవనెత్తగల ప్రశ్న ఇంకొకటుంది. వాళ్ల ఫారాల్లో ‘ఇండియన్’ అని ఒకే గడి ఉంటుంది, కులం కనిపించదు. 2010 సమానత్వ చట్టంలో కులాన్ని విడిగా చేర్చబోమని 2018లో ప్రభుత్వం ప్రకటించింది. అయితే జాతి మూలం కింద కొంత రక్షణ దొరకవచ్చని అంతకుముందే ఒక ట్రిబ్యునల్ తీర్పు ఉంది. తెలుగువాళ్లు తెలుగువాళ్లనే నియమించే చోట ‘ఇంటిపేరేంటి, ఏ ఊరు’ అన్న ప్రశ్న ఎక్కడికి దారితీస్తుందో ఇంగ్లిష్ మేనేజర్‌కు తెలియదు. ఆ సంగతి మీరే చెప్పాలి.

ప్రశ్న: మేం దళిత మహిళా రైతుల సంఘం. వాతావరణ సదస్సులకు తరచూ పిలుస్తారు. ఐదు నిమిషాలు మాట్లాడిస్తారు, కూలి పోతుంది. వెళ్లాలా?
– సంఘం కార్యకర్త, సంగారెడ్డి జిల్లా

జవాబు: షరతులతో వెళ్లండి అక్కా. చిరుధాన్యాలు, విత్తన నిల్వల గురించి మీ జహీరాబాద్ ప్రాంతపు సంఘాలకు తెలిసినంత సదస్సు పెట్టేవాళ్లకు తెలియదు. అక్కడి దళిత మహిళలు 2008 నుంచి సొంత రేడియో నడుపుతున్నారు, 2019లో ఆ సంఘాలతో పనిచేసే డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీకి ఐక్యరాజ్య సమితి ఈక్వేటర్ పురస్కారం వచ్చింది. పిలుపు రాగానే ఇవి అడగండి: మిగతా వక్తలకు ఇచ్చే పారితోషికమే మాకూ ఇస్తారా, చార్జీలు ముందే పంపుతారా, ఇద్దరం రావచ్చా, తెలుగులో మాట్లాడితే అనువదించేవాళ్లు ఉంటారా, ఇంగ్లిష్ ప్రసంగాలు మాకు తెలుగులో వినిపిస్తారా, చివర్లో రాసే తీర్మానం ముసాయిదా మాకు చదివి వినిపించి మార్పులు తీసుకుంటారా. చివరిదానికి ‘లేదు’ అంటే ఆ రోజు పొలం పనే చూసుకోండి.