కంపెనీ మార్చమంటే మార్చాల్సిందేనా? బంగారం కుదువ పెట్టే ముందు ఈ లెక్క చూడండి

అనంతపురం సాయినగర్ నుంచి ఒకామె రాశారు: "అన్నా, 14 లక్షలు పెట్టి టీ ఫ్రాంచైజీ తీసుకుని మూడేళ్లు దాటింది. ఐదేళ్ల అగ్రిమెంటు, ఇంకా 22 నెలలుంది. అన్నీ పోను నెలకు 42 వేలు మిగులుతోంది. ఇప్పుడు బోర్డు, కౌంటరు, మెషిన్లు, బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ అన్నీ కొత్త మోడల్‌కి మార్చాలి, 60 రోజుల్లో 6 లక్షలు కట్టాలి, అమ్మకాల మీద కంపెనీకి కట్టే రాయల్టీ కూడా 5 నుంచి 6 శాతం చేస్తున్నాం అని మెయిల్ పెట్టారు. ఇట్ల మధ్యలో మార్చే హక్కు వాళ్లకుందా? మా ఆయన బంగారం బ్యాంకులో పెడదామంటున్నాడు."

పద్ధతి మార్చే హక్కు ఉందమ్మా. మీరు పంపిన అగ్రిమెంటులో ఆపరేషన్స్ మాన్యువల్‌ని, అంటే కొట్టు ఎలా నడపాలో చెప్పే నియమాల పుస్తకాన్ని, కంపెనీ ఎప్పటికప్పుడు మార్చవచ్చని, దాన్ని మీరు సొంత ఖర్చుతో పాటించాలని స్పష్టంగా ఉంది. ఇలాంటి క్లాజు లేని ఫ్రాంచైజీ అగ్రిమెంటు అరుదు, అది అన్యాయం కూడా కాదు. 2016లో యూపీఐ రాకముందు రాసుకున్న మాన్యువల్‌తో ఈరోజు టీ కొట్టు నడవదు కదా, పైగా గుత్తిలో ఒక రకం బోర్డు, కర్నూలులో ఇంకో రకం బోర్డు ఉంటే మీరు డబ్బిచ్చి తెచ్చుకున్న ఆ పేరుకే విలువ పోతుంది.

కానీ రాయల్టీ సంగతి వేరు. మన దేశంలో ఫ్రాంచైజీలకంటూ ప్రత్యేక చట్టం లేదు, ప్రధానంగా 1872 నాటి కాంట్రాక్టు చట్టమే దిక్కు. దాని ప్రకారం ఒప్పందంలోని షరతు మారాలంటే ఇద్దరూ ఒప్పుకోవాలి. 5 శాతం అన్న అంకె మీ అగ్రిమెంటులోనే ఉంది, దాన్ని పెంచే అధికారం వాళ్లకిచ్చే మాట ఎక్కడా లేదు. కాబట్టి దానికి ఒప్పుకోవడం లేదని ఈరోజే మెయిల్ రాయండి, ఫోన్‌లో చెప్పి ఊరుకోవద్దు.

ఇక అసలు టెన్షన్ డబ్బుది. ఆ మార్పులకు కంపెనీ ఇచ్చిన కొటేషన్‌లో చివరి లైను చూశారా, జీఎస్టీ అదనం అని ఉంది. 18 శాతం కలిపితే 7 లక్షల 8 వేలు. మీరు కస్టమర్ దగ్గర 5 శాతం జీఎస్టీ తీసుకునే కొట్టు కాబట్టి ఈ పన్ను మీకు ఇన్‌పుట్ క్రెడిట్‌గా తిరిగి రాదు, పూర్తిగా మీ చేతి నుంచే పోతుంది. మిగిలిన 22 నెలలకు పంచితే నెలకు సుమారు 32 వేలు, బంగారం మీద నూటికి రూపాయి వడ్డీ వేసుకున్నా ఇంకో 7 వేలు. అంటే 42 వేలలో మీకు మిగిలేది మూడు వేలు కూడా లేదు, మీ కష్టమంతా ఆ కౌంటరుకే పోతుంది. అదే ఇంకో ఐదేళ్ల రెన్యూవల్ ఉంటే 82 నెలలకు పంచుకోవచ్చు, వడ్డీ కాక అసలు నెలకు 9 వేల లోపే పడుతుంది, అది భరించదగ్గదే.

అందుకే రెన్యూవల్ రాతపూర్వకంగా చేతికి రాకుండా ఒక్క గాజు కూడా బ్యాంకుకు తీసుకెళ్లకండి. రెన్యూవల్ చేయిస్తామని ఏరియా మేనేజర్ నోటితో అంటే సరిపోదు, కంపెనీ సంతకం కావాలి. దాంతోపాటు సాఫ్ట్‌వేర్, బోర్డు ఇప్పుడు, మెషిన్లు ఆరు నెలల తర్వాత అని అడగండి. కంపెనీ సొంతంగా నడిపే షాపులు మార్చారా అని కూడా అడగండి, అక్కడ మార్చకుండా మీ ఒక్కరినే తొందర పెడుతుంటే ఆ మాట రాతలో ఎత్తండి.

కంపెనీ రెన్యూవల్ ఇచ్చేది లేదంటే? మీరు మొండిగా కూర్చుంటే ఒప్పందం ఉల్లంఘించారని రద్దు నోటీసు పంపొచ్చు, అందుకని బదులివ్వకుండా మాత్రం ఉండొద్దు. డిపాజిట్ తిరిగిచ్చి ముందే వదిలేయమని అడగండి. ముగిశాక టీ వ్యాపారమే చేయకూడదన్న షరతు మీ అగ్రిమెంటులో ఉంది కానీ, వ్యాపారం చేయకుండా కట్టేసే ఒప్పందాలు చెల్లవనే కాంట్రాక్టు చట్టం 27వ సెక్షన్ ముందు అలాంటిది సాధారణంగా నిలవదు. వాళ్ల పేరు, బోర్డు, రెసిపీలు వాడకుండా అదే గదిలో సొంత పేరుతో కొట్టు పెట్టుకోవచ్చు. గది అద్దె అగ్రిమెంటు మీ పేరు మీదుందో కంపెనీ పేరు మీదుందో ముందు చూసుకోండి, ఆ కాగితం పట్టుకుని అనంతపురం కోర్టులో ఒక సివిల్ లాయరుకు చూపించాకే కంపెనీకి ఆఖరి జవాబు పంపండి.